ఆమె బ్యాగులో ఐదు కుడుకలు

పరదేశంలో పెళ్ళికి వెళ్తున్నాం, ఏం చేయాలి అని ఎవరు అడిగినా నేను మొదట చెప్పే మాట ఒకటే. మీ బ్యాగు మీరే సర్దుకోండి. ఇంకొకరి వస్తువు అందులో పెట్టుకోకండి, మీ వస్తువు ఇంకొకరి బ్యాగులో పెట్టకండి. పాస్‌పోర్టు గడువు, మందుల చీటీ, పచ్చడి సీసా, ఇసుకలో నడిచే చెప్పులు, ఇవన్నీ ఆ తరువాత.

అడిగేవాళ్ళు ఇప్పుడు బాగానే పెరిగారు. తెలంగాణ వచ్చిన కొత్తలో మా నల్లగొండ చుట్టాల్లో పెద్ద పెళ్ళి అంటే నార్కట్‌పల్లి రోడ్డు మీది ఫంక్షన్ హాలే. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు సముద్రం ఒడ్డు వెతుక్కుంటున్నారు. ఊరంతటినీ పిలిచి అన్నం పెట్టడం కంటే నలభై మందిని విమానం ఎక్కించడం తేలిక అంటారు. వాళ్ళతో పాటు మా వంటి ముసలివాళ్ళమూ ఎక్కుతాం. నేను నందికొండలో కాలువల ఆఫీసులో లెక్కల గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. కాగితం తప్పు పోనివ్వదు అని నాకొక పేరు ఉంది. అందుకే ఫోన్లు నాకు వస్తాయి. వాళ్ళు అడిగినవన్నీ చెప్తాను. మొదటి మాట ఎందుకు చెప్తున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అయినా అది దాగిన సంగతి కాదు. ఆ రోజు శంషాబాద్‌లో చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

మేము ఇద్దరమే అక్కచెల్లెళ్ళం, అన్నదమ్ములు లేరు. చెల్లెను మహబూబ్‌నగర్‌లో ఇచ్చాం. అమ్మ ఆ పెళ్ళికి ముందే పోయింది, నాయిన పెళ్ళి చేసిన మరుసటి ఏడు పోయాడు. మా వైపు పెళ్ళయిన ఆడపిల్లకు తల్లిగారింటి నుంచి ఒడిబియ్యం రావాలి. పసుపు కలిపిన బియ్యం, పసుపు కొమ్ములు, వక్కలు, ఖర్జూరాలు, ఒక రవిక గుడ్డ, ఐదు కుడుకలు. కుడుక అంటే నిలవ ఉండేలా గట్టిగా ఎండబెట్టిన కొబ్బరి చిప్ప. అది లేనిది మాలో ఒడిబియ్యం కాదు. ఆడపిల్లను పీట మీద కూర్చోబెట్టి, కొంగు పట్టించి, దోసిళ్ళతో ఆ కొంగులో పోస్తారు. ఆమె ఇల్లు కట్టుకున్నా, తన బిడ్డకు పెళ్ళి చేసినా, తల్లిగారు వచ్చి ఒడి నింపాలి. ఈ మనిషి వెనుక ఒక ఇల్లు ఉందని నలుగురికీ తెలిసేది అప్పుడే.

చెల్లె ఇల్లు కట్టుకుని పాలు పొంగించిన రోజు నాకు బాగా గుర్తు. శ్రావణంలో రెండో శుక్రవారం. ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. సగం రోజు సెలవు పెట్టి, మూడు బస్సులు మారి, పొద్దు వాలాక చేరాను. చేతిలో ఒక చీర ఉంది, బియ్యం లేవు. అమ్మా నాయినా లేని ఇంటి నుంచి ఒడిబియ్యం ఎవరు అడుగుతారులే అనుకున్నాను. గుమ్మం బయట కాళ్ళు కడుక్కుంటుంటే లోపలి మాటలు వినబడ్డాయి. చెల్లె భర్తకు అక్క, అంటే చెల్లెకు ఆడబిడ్డ, అప్పుడే పీట మీద నుంచి లేచింది. ఆమెకు తల్లిగారిల్లు అంటే అదే ఇల్లు. ఆమె ఒడి నింపింది మా చెల్లే. నిండిన కొంగు పట్టుకుని ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ళతో అంది:

“నాకైతే తమ్ముడున్నడు, ఒడి నిండింది. పాపం మా మరదలికెవరున్నరు? అంగట్ల కొనుక్కోవాలె ఒడిబియ్యం.”

ఆడవాళ్ళు నవ్వారు. మా చెల్లె కూడా నవ్వింది. వాళ్ళ నవ్వు కంటే చెల్లె నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తరువాత మూడు నాలుగేళ్ళకు ఒకసారి చెల్లెను నల్లగొండ పిలిపించుకుని మా ఇంట్లో ఒడి నింపేదాన్ని. కానీ ఆ ఇంటివాళ్ళు ఎవరూ దాన్ని చూడలేదు. చూడాల్సిన మనిషి అసలే చూడలేదు. చెల్లె బిడ్డకు పెళ్ళి కుదిరిందని ఫోన్ రాగానే నాకు మొదట వచ్చిన ఆలోచన పిల్లవాడు ఎవరని కాదు. ఈసారి నలుగురిలో, ఆమె కళ్ళ ముందు, చెల్లె ఒడి నింపాలి అని.

పెళ్ళి థాయిలాండ్‌లో, సముద్రం పక్కన ఒక హోటల్లో పెట్టుకున్నారు. పిల్లవాడిది గుంటూరు వైపు. ఇద్దరూ ఒకే కంపెనీలో పనిచేస్తారు, ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు. పెళ్ళికూతురు వచ్చే అతిథులందరికీ ఫోన్లో నాలుగు పేజీల సూచనలు పంపింది. ఏం తెచ్చుకోవాలి, ఏం తేకూడదు, ఎక్కడ కలవాలి, అన్నీ ఇంగ్లీషులో. తొమ్మిది మంది పెద్దవాళ్ళకు ఇంగ్లీషు రాదు. అది తెలుగులో రాసి ఇమ్మని నన్ను అడిగింది.

“నువ్వైతే ఒక్క ముక్క గూడ విడువవు పెద్దమ్మా,” అంది.

రెండు రోజులు కూర్చుని రాశాను. ఆ పిల్ల రాసిన దానికంటే బాగానే రాశానని ఇప్పటికీ అనుకుంటాను. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. బీపీ, షుగరు గోళీలు పెద్ద బ్యాగులో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి, డాక్టరు చీటీ జత చేయాలి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు ఉంటుంది కాబట్టి గోళీలు ఏ వేళకు వేసుకోవాలో పక్కనే రాశాను. పచ్చడి సీసా చేతి సంచిలో పోనివ్వరు. పట్టుచీర ఒక్కటి చాలు, మిగతావి నూలువి తేవాలి, అక్కడ చెమట ఎక్కువ. కూరల్లో చేపల రసం కలుపుతారు కాబట్టి మాంసం తిననివాళ్ళు అడిగి తినాలి. కట్నాలు చదివించేది ఇంటికి వచ్చాక చదివించాలి, డబ్బు కవర్లు అంత దూరం మోయవద్దు.

మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. ఎండు కొబ్బరి ఏ బ్యాగులోనూ తేకండి, విమానంలో పోనివ్వరు అని. దాన్ని రెండుసార్లు చదివాను. దానికి పైన, ఈత కొలను దగ్గర పసుపు నీళ్ళు చల్లుకోవద్దని, పూలరేకులు నేల మీద పోయవద్దని ఉంది. ఇదీ హోటలు వాళ్ళ శుభ్రం కోసం పెట్టిందే, పిల్ల దానికి విమానం పేరు తగిలించింది అనుకున్నాను. కొబ్బరి ముక్క విమానాన్ని ఏం చేస్తుంది? ఆ వాక్యం రాస్తే, మరి ఒడిబియ్యం ఎట్లా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే చర్చ వస్తుంది, చివరికి కుడుకలు లేకుండా కానిద్దాం అంటారు. అందుకే రాయలేదు. ఫోన్ చేసి పిల్లను అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. అడగనూ లేదు.

బియ్యం మా పొలంలోవి. సాగర్ ఎడమ కాలువ కింద మాకు ఎకరంన్నర ఉంది. కుడుకలు రామన్నపేట అంగట్లో ఒక్కొక్కటి చూసి ఏరుకున్నాను, పగులు లేనివి, లోపల తెల్లగా ఉన్నవి. మా ఆయన మోకాళ్ళ నొప్పితో రానన్నాడు. “నువ్వు పెండ్లికి పోతున్నవా, పంచాయితికి పోతున్నవా?” అని మాత్రం అడిగాడు.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందే మహబూబ్‌నగర్ వెళ్ళాను. పెద్దవాళ్ళందరి బ్యాగులూ చెల్లె ఇంటి వరండాలో వరసగా పెట్టించి, కొక్కెం కాంటాతో తూచాను. ఎవరి బ్యాగూ ఇరవై కిలోలు దాటకూడదు. చెల్లె మామ తమ్ముడు, సరదా మనిషి, తన బ్యాగు తూస్తుంటే, “జర నన్ను గూడ తూయమ్మా, ఎక్కువైతే ఇక్కడ్నే దిగిపోత,” అన్నాడు. బియ్యం నాలుగు పొట్లాలు చేసి నలుగురి బ్యాగుల్లో సర్దాను. కుడుకల మూట మిగిలింది. నా బ్యాగులో ఇంకా మూడు కిలోలకు జాగా ఉంది. అది నాకు తెలుసు, నేనే తూచాను.

ఆ మూట తీసుకుని చెల్లె ఆడబిడ్డ దగ్గరికి వెళ్ళాను. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం.

“వదినా, గీ మూట నీ బ్యాగుల పెట్టు. నా దాంట్ల జాగ లేదు,” అన్నాను.

ఆమె ముడి విప్పి చూసింది. తరువాత నన్ను చూసింది. “ఒడిబియ్యపు కుడుకలా?”

“అవు, మా చెల్లెకు. తల్లిగారింటియి.”

“మంచిగున్నయి,” అంది. ముడి మళ్ళీ వేసి, తన బ్యాగు ఈడ్చుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని సర్దుకుంది. వరండాలో అందరూ బ్యాగులు తెరిచి పెట్టుకుంటే ఈమెకు తలుపు ఎందుకో అనుకున్నాను. నా ముందు ఆ మూట లోపల పెట్టడానికి మనసు ఒప్పలేదేమో అనుకుని లోలోపల సంతోషపడ్డాను. ఒడి నింపేవాళ్ళు లేరన్న మనిషే ఆ కుడుకలను సముద్రం దాటించాలి. నాకు కావలసింది అదే.

శంషాబాద్‌లో మాతో పాటే గుంటూరు వాళ్ళూ వచ్చారు. పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ నా పక్కనే వరసలో నిలబడింది. మర్యాద గల మనిషి. “మీరు రాసిన కాగితం మాకూ పంపారండీ, ఎంత వివరంగా ఉందో,” అంది. నేను పొంగిపోయాను. బ్యాగులు ఇచ్చేశాం, చేతిలో టికెట్లు పెట్టుకుని ముందుకు నడుస్తున్నాం. అప్పుడు ఒక ఉద్యోగి వెనుక నుంచి వచ్చి, ఒక పేరు చదివి, ఎవరు అని అడిగాడు. వదిన పేరు.

ఆమె ఒక్కతే ఎట్లా వెళ్తుందని నేనూ వెంట వెళ్ళాను. చిన్న పిల్లలను ఎత్తుకుని గుంటూరు వాళ్ళు కొందరు, మావాళ్ళు కొందరు ఏమైందోనని వెనుకే వచ్చారు. గది కూడా కాదు, ఒక పక్కకు అద్దాల అడ్డు పెట్టి, మధ్యలో స్టీలు బల్ల వేశారు. బల్ల మీద వదిన బ్యాగు ఉంది. డ్యూటీలో ఉన్న అమ్మాయి మన పిల్లే, మాట మన వైపుదే.

“అవ్వా, దీంట్ల ఎండు కొబ్బరి ఉంది. ఇది పోదు. నూనె ఉంటది, అగ్గంటుకుంటది. తియ్యాలె,” అంది.

మూట పైన లేదు. వదిన దాన్ని అడుగున పెట్టింది. ఆ అమ్మాయి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టసాగింది. పట్టుచీర తీసింది, నూలు చీరలు తీసింది, లోపలి లంగాలు తీసింది. తరువాత ఒక పెద్ద ప్యాకెట్టు తీసింది. పెద్దవాళ్ళు వేసుకునే డైపర్లు. ప్యాకెట్టు చినిగి ఉంది, సగం బయటికి వచ్చాయి. ఆ అమ్మాయి వాటిని తీసి చీర మీద పెట్టింది. ఆమె తప్పు ఏమీ లేదు, ఆమె వెతుకుతున్నది కుడుకలను. అద్దం అవతల పెళ్ళికొడుకు మేనత్త నిలబడి ఉంది. మర్యాద గల మనిషి కాబట్టి తల తిప్పుకుంది. తల తిప్పుకోవడం అందరికీ కనబడింది.

వదిన మా వైపు ఆడవాళ్ళలో నిటారుగా నడిచే మనిషి. పెళ్ళిళ్ళలో ముందు పంక్తిలో కూర్చుంటుంది. ఎవరింట్లో ఏ వంట చెడినా ఆమె నోరు ఊరుకోదు. వరండాలో అందరి ముందూ బ్యాగు తెరవకుండా లోపలి గదికి ఎందుకు తీసుకెళ్ళిందో నాకు అప్పుడు అర్థమైంది.

అడుగు నుంచి మూట బయటికి వచ్చింది. నేను కట్టిన పసుపు గుడ్డ, నేను వేసిన ముడి.

“ఇవి నీయేనా అవ్వా? ఎవరన్న ఇచ్చి తీస్కపొమ్మన్నరా?” అని అడిగింది ఆ అమ్మాయి.

నేను బల్లకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాను. నావి అనడానికి నోరు తెరిస్తే చాలు. వెనుక చెల్లె వచ్చి నిలబడిందని ఆమె గాజుల చప్పుడును బట్టి తెలిసింది. నావి అంటే, నీ బ్యాగులో జాగా ఉండగా ఆమె బ్యాగులో ఎందుకు పెట్టావు అని చెల్లె అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను.

“ఎవరియ్యలె. నాయే,” అంది వదిన.

కుడుకలు పక్కనున్న డబ్బాలో వేశారు. లోపల అప్పటికే సామాను ఉన్నట్టుంది, చప్పుడు పెద్దగా రాలేదు. వదిన చీరలు మడిచి పెట్టుకుంటోంది. నేను సాయానికి వంగాను. “ఉండనియ్యి వదినా,” అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ ప్యాకెట్టును చీర మడతలో చుట్టి, అడుగున పెట్టి, తనే జిప్పు వేసుకుంది. విమానంలో ఆమెది నడవ పక్క సీటు, నాది కిటికీ పక్క. మధ్య సీటు మనిషి నిద్రపోయాడు. మూడున్నర గంటలు కిటికీలోకి చూస్తూ కూర్చున్నాను. బయట మబ్బులు తప్ప ఏమీ లేవు.

దిగాక పెళ్ళికూతురికి సంగతి తెలిసింది. హోటలు మెట్ల దగ్గర నన్ను పక్కకు పిలిచింది. కోపగించుకుంటే బాగుండేది. “పెద్దమ్మా, నేను రాసిన గద,” అని అంతే అంది. ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. అక్కడి నుంచి గదికి వెళ్ళేదాకా నేను తల ఎత్తలేదు. నా తెలుగు కాగితం తొమ్మిది మంది చేతి సంచుల్లోనూ మడతలు పెట్టి ఉంది. అందులో ఆ వాక్యం లేదని అప్పటికి అందరికీ తెలిసిపోయింది. అక్కడున్నన్ని రోజులూ ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. గోళీ ఏ వేళకు వేసుకోవాలో కూడా పిల్లలనే అడిగారు.

వదినకూ నాకూ ఒకే గది ఇచ్చారు. పెద్దవాళ్ళకు తోడు ఉండాలని పెళ్ళికూతురు వేసిన ఏర్పాటు. వదిన బ్యాగు అల్మారాలో పెట్టి తలుపు మూసింది. నేను గదిలో ఉన్నప్పుడు ఆ తలుపు తెరవలేదు. అది గమనించి, ఆమె స్నానానికి వెళ్ళే ముందు నేను ఏదో పని ఉన్నట్టు వరండాలోకి వెళ్ళి నిలబడేదాన్ని. అంతకు మించి ఏం చేయాలో నాకు తోచలేదు.

మరునాడు ఉదయం టిఫిన్ చేసి వచ్చేసరికి గదిలో బల్ల మీద మూడు కొబ్బరికాయలు ఉన్నాయి. వదిన వంటింటి దాకా వెళ్ళి, భాష రాకపోయినా చేతులతో చెప్పి, నీళ్ళు తాగే లేత బోండాలు కాకుండా వంటకు వాడే ముదురు కాయలు అడిగి తెచ్చుకుందట. అక్కడే పగలగొట్టించింది కూడా. ఆరు చిప్పలు. పెంకు నుంచి కొబ్బరి విడదీయడానికి చెంచాలు తప్ప ఏమీ లేవు. ఒకటి విరిగింది, ఐదు మిగిలాయి.

“పెండ్లి ఎల్లుండి గద. ఎండకు పెడదాం,” అంది.

బాల్కనీలో తువ్వాలు పరిచి పెట్టాం. ఎండ బాగానే ఉంది కానీ సముద్రపు గాలి, ఏదీ ఆరదు. సాయంత్రానికి చిప్పల మీద తడి అట్లాగే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం దాకా చూసి, వదిన స్నానాల గదిలో గోడకున్న జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చింది.

“పొయ్యి మీది అటుక మీద పొగకు ఆరబెడ్తుండె మా అవ్వ. గిది గూడ గసొంటిదే అనుకో,” అంది.

ఆమె చిప్ప పట్టుకుంది, నేను మిషను పట్టుకున్నాను. వేడి గాలికి కొబ్బరి వాసన గదంతా నిండింది. ఎదురెదురుగా కూర్చున్నాం కాబట్టి మొహం తిప్పుకోవడానికి లేదు. మూడో చిప్ప పట్టినప్పుడు అడిగాను, అక్కడ నావే అని ఎందుకు అన్నావు అని.

ఆమె చిప్పను తిప్పి పట్టుకుంది. “కుడుకలు పోవని నాకెర్కే. మా మనుమడు ఫోన్ల ఇంగ్లీషుది సదివి చెప్పిండు.”

“మరెందుకు తీస్కున్నవు?”

“వద్దంటే నువ్వేమనుకుందువు? ఒకపారి నోరు జారినదాన్ని. మల్ల అదే మాట అన్నట్టయితుండె.” చిప్పను మళ్ళీ గాలికి తిప్పి, “తీసేసి పంపుతరనుకున్న. గట్ల అంత బయట పెడ్తరనుకోలె,” అంది.

ఇన్నేళ్ళూ ఆ శుక్రవారం నాకొక్కదానికే గుర్తుందనుకున్నాను. కాళ్ళు కడుక్కుంటూ నేను విన్నానని ఆమెకూ తెలుసు. క్షమించమని అడగాల్సింది నేను, ఇద్దరిలో ముందు ఆ మాట దగ్గరికి వచ్చింది ఆమె. చేతిలో మిషను వేడెక్కి దానంతట అదే ఆగిపోయింది. “సల్లారనియ్యి,” అంది వదిన. చల్లారేదాకా ఇద్దరం చిప్పలకు విసనకర్రలాగా నా కాగితాన్నే ఊపుతూ కూర్చున్నాం. వేరే కాగితం లేదు.

పెళ్ళి రోజు పొద్దున హోటలు హాల్లో చెల్లెను పీట మీద కూర్చోబెట్టారు. గుంటూరు వాళ్ళు అందరూ వచ్చి చూస్తున్నారు, వాళ్ళలో ఈ పద్ధతి లేదు. చెల్లె కొత్త పట్టుచీర కొంగు పట్టింది. ఐదు దోసిళ్ళ బియ్యం పోసి, కుడుకలు పెట్టాను. వాటిని కుడుకలు అనడానికి లేదు. పైన కొంచెం రంగు మారింది, లోపల పచ్చివే. అవి కొంగుకు తగలగానే చెల్లె కళ్ళెత్తి, “గిదేందక్కా, సల్లగున్నయి,” అని మెల్లగా అంది. నేను తల వంచుకున్నాను. పట్టు మీద తడి మచ్చ పడుతోంది.

పెళ్ళికొడుకు మేనత్త ముందుకు వచ్చింది. మనసులో ఏమీ లేకుండానే అడిగింది, “ఈ కొబ్బరి ఇక్కడే కొన్నారాండీ?”

హాలంతా విన్నది. వదిన నా పక్కనే పసుపు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

“లేదమ్మా. మా మరదలి తల్లిగారింటియి. నల్లగొండకెళ్ళి తెచ్చిన్రు,” అంది.

స్టీలు బల్ల దగ్గర నిలబడి అన్నీ చూసిన మనిషి ఆ మేనత్త. ఒక క్షణం వదినను చూసి, “అలాగా,” అని తల ఊపింది. ముప్పై ఏళ్ళకు పైగా నేను వినాలనుకున్న మాట అది. ఆ నోటి నుంచే, నలుగురి ముందు వచ్చింది. విని తల ఎత్తలేకపోయాను. ఆ తరువాత వదిన దోసిలితో బియ్యం తీసి, నా కంటే నిండుగా, చెల్లె ఒడిలో పోసింది.

ఇంటికి వచ్చాక రామన్నపేట కుడుకలు మళ్ళీ ఐదు తీసుకుని మహబూబ్‌నగర్ వెళ్ళి చెల్లెకు ఇచ్చాను. అప్పుడే కుడుకల మూట ఎవరిదో, నా బ్యాగులో ఎంత జాగా ఉందో చెల్లెకు చెప్పాను. “నాకెర్కే అక్కా. కాంటా పట్టింది నేనే గద,” అంది చెల్లె. నిజమే. బ్యాగులు తూచినప్పుడు కాంటా కొక్కెం పట్టుకుని నిలబడింది చెల్లే. స్టీలు బల్ల దగ్గర నేను భయపడిన ప్రశ్నకు జవాబు ఆమెకు అప్పటికే తెలుసు.

ఈ ఏడు వదిన మనుమడి పెళ్ళి కుదిరింది, ఫోన్లో ఇంగ్లీషు చదివి చెప్పిన ఆ పిల్లవాడిదే. శ్రీలంకలో. వదిన రానన్నదని, ఎంత చెప్పినా వినడం లేదని చెల్లె ఫోన్ చేసింది. మోకాళ్ళ నొప్పులట. ఆమెకు మోకాళ్ళ నొప్పులు లేవు. ఎందుకు రానంటోందో చెల్లెకూ తెలుసు, నాకూ తెలుసు.

వెళ్ళాను. వదిన అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని గింజలు తీయసాగాను. “నాకెందుకు వదినా గా ఇమానాలు? పెండ్లి ఫోన్ల చూస్త,” అంది. సొంత మనుమడి పెళ్ళి ఫోన్లో చూస్తానంటున్న మనిషికి ఏం చెప్పాలో దారి పొడుగునా బస్సులో అనుకుంటూ వచ్చాను. అనుకున్నదేదీ నోటికి రాలేదు.

“గా ప్యాకెట్టు నా బ్యాగుల పెట్టుకుంట వదినా. ఎవరన్న తెరిస్తే నాయే అంట,” అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. చింతపండు పక్కకు నెట్టి, లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. కోపం వచ్చిందేమో, ఇక లేచి వెళ్ళిపోవాలేమో అనుకున్నాను. ఆమె కొంగు కింద పట్టుకుని తిరిగి వచ్చింది. ఒకటి కాదు, రెండు ప్యాకెట్లు.

“రెండెందుకు?”

“ఒకటి నీకు. నీకు గూడ డెబ్బై రెండు నిండినయి గద, ఎప్పుడన్న అక్కెరొస్తది,” అంది. కూర్చుని మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి, “కుడుకలైతే పెట్టవు గద?” అని అడిగింది.

పెట్టనని చెప్పాను.

అందరికీ చెప్పే మొదటి మాటను నేను తప్పింది ఆ ఒక్కసారే. బయలుదేరే ముందు రోజు బ్యాగు సర్దుకున్నప్పుడు ఆ రెండు ప్యాకెట్లనూ చీరల కింద దాచలేదు. తెరవగానే కనబడేటట్టు అన్నిటికంటే పైన పెట్టి, జిప్పు వేశాను.